ఎడమ కాలు ముందు

మా కోచ్ అక్క దగ్గర టేపు ఉండదు. టర్ఫ్ పక్కనున్న గచ్చు మీద సుద్దముక్కతో ఒక గీత గీస్తుంది. ఆ గీత దగ్గర ఒంటికాలి మీద నిలబడి ముందుకు గెంతాలి. ఏ కాలితో గెంతామో ఆ కాలి మీదే దిగాలి. దిగాక మూడు లెక్కపెట్టేదాకా కదలకూడదు. కుడికాలు దిగిన చోట ఒక గుర్తు, ఎడమకాలు దిగిన చోట ఇంకో గుర్తు. రెండు గుర్తుల మధ్య తేడాని వంగి చేత్తో కొలుస్తుంది. వేళ్లు బారజాపితే జానెడు, నాలుగు వేళ్లు దగ్గరగా పెడితే బెత్తెడు. మాదాపూర్ ఆఫీసులో నేను పొద్దంతా మిల్లీసెకన్ల తేడాలు పట్టుకునే పని చేస్తాను. కానీ ఈ నాలుగు నెలలూ నా బతుకంతా ఆ జానెడుకీ బెత్తెడుకీ మధ్యనే నడిచింది.

పాప పక్కగదిలో నిద్రపోతోంది. నాకు నిద్ర రావడం లేదు. ఈ పొద్దున జరిగింది తలుచుకుంటే తొడలు ఇంకా జివ్వుమంటున్నాయి. రేపటికి ఈ సంబరం చల్లారిపోతుందేమోనని భయం. నాకు అన్నిటికీ భయమే. అందుకే ఇప్పుడే రాసేస్తున్నాను.

కాలేజీలో నేను ఫుట్‌బాల్ ఆడేదాన్ని. కుడివైపు అంచు వెంట పరిగెత్తి బంతిని గోలు ముందుకి కొట్టడం నా పని. తర్వాత ఉద్యోగం, పెళ్లి, పాప. పాపకి మూడేళ్లు నిండేసరికి గోపన్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ల వెనక ఒక టర్ఫ్ వెలిసింది. చుట్టూ వల, మధ్యలో కళ్లు చెదిరే పచ్చదనం. మా ఆడవాళ్ల వాట్సాప్ గ్రూపులో "మనం కూడా జట్టు కడదామా?" అని ఎవరో అడిగారు. ముందు చెయ్యెత్తింది నేనే.

రెండో ఆదివారం బంతి వెంట ఉరుకుతుంటే ఎడమ తొడ వెనక ఎవరో చెర్నాకోలతో కొట్టినట్టయింది. నిజంగానే వెనక్కి తిరిగి చూశాను. ఎవరూ లేరు. తొడ వెనక కండరం చిట్లింది. ఆరు వారాలు కుంటినడకే. కుంటుతూనే ఆఫీసు క్యాబ్ ఎక్కాను, కుంటుతూనే పాపకి స్నానం చేయించాను. ఆ ఆరు వారాల్లో ఫోన్లో నేను చదవని మోకాలి గాయం లేదు. ఈసారి కండరంతో పోయింది, వచ్చేసారి మోకాలే పోతే? పాపని ఎవరెత్తుకుంటారు? మెట్ల మీద పడితే? మా ఆయన ఒక్క మాటలో తేల్చేశాడు: "అంత భయమైతే మానెయ్." మానేద్దామని రెండుసార్లు బూట్లు సంచిలో కట్టి అటక మీద పెట్టాను. రెండుసార్లూ మళ్లీ దింపాను.

కోచ్ అక్క ఈ ఊరిదే. అపార్ట్‌మెంట్లు రాకముందు, ఇక్కడంతా చేలుగా ఉన్నప్పుడు పుట్టింది. ఒకే మోకాలికి రెండుసార్లు ఆపరేషన్ అయ్యాక ఆడటం మానేసి ఆడించడం మొదలుపెట్టిందట. కుంటు తగ్గాక భయపడుతూనే ఆమె ముందుకెళ్లి నిలబడ్డాను.

"ఆడతవా, ఆడవా?" అంది.

"ఆడతానక్కా. కానీ..."

"కానీ గీనీ ఇడిసిపెట్టు. గెంతు."

ఆ రోజు నా రెండు కాళ్ల మధ్య తేడా జానెడు మీద రెండు వేళ్లు. అక్క నేల మీంచి చెయ్యి తియ్యకుండానే తలెత్తి నవ్వింది. "చూసినవా చెల్లె? నీ కుడికాలు డ్యూటీల ఉన్నది. ఎడమకాలు లీవుల ఉన్నది."

"బంతిని తన్నేది కుడికాలే కదక్కా?"

"తన్నేటప్పుడు నిన్ను మోసేదేంది మరి? గాలా?"

అక్క నా తొడ ముందువైపు వేలితో పొడిచింది. "ఈ కండ నిన్ను ఉరికిస్తది." తర్వాత వెనకవైపు పొడిచింది. "ఇది ఆపుతది. ముందుది బలిసి ఎనుకది ఎండితే, బ్రేకుల్లేని స్కూటీ అన్నట్టు. ఫ్లైఓవర్ మీదికెళ్లి బ్రేకుల్లేకుంట దిగుతవా నువ్వు?"

"దిగను."

"మరి గిట్లనే మ్యాచ్‌కు దిగుతనంటవేంది?"

ఆరోజే షరతు పెట్టింది. నాలుగు నెలల తర్వాత బాచుపల్లి ఆడవాళ్ల జట్టుతో మాకు పోటీ. అప్పటికి రెండు కాళ్ల తేడా బెత్తెడు లోపలికి వస్తేనే నేను లోపల. రాకపోతే బయట కూర్చుని చప్పట్లు. "ఏడ్చినా అంతే, జామకాయలు తెచ్చిచ్చినా అంతే," అంది. ఆ ముందురోజే నేను జామకాయలు ఇచ్చి ఉన్నాను.

ఇంట్లో మొదలుపెట్టాను. ఒంటికాలి గుంజీలు: ఒక కాలు వెనక సోఫా మీద పెట్టి, రెండో కాలి మీద కిందికి దిగి పైకి లేవడం. బళ్లో హోంవర్క్ చెయ్యనందుకు తీసిన గుంజీలే నయం, వాటికి రెండు కాళ్లుండేవి. వెల్లకిలా పడుకుని ఒక్క కాలి మడమ మీద నడుము పైకెత్తడం. కాళ్లకి రబ్బరు పట్టీ వేసుకుని హాల్లో ఈ గోడ నుంచి ఆ గోడకి ఎండ్రకాయలా పక్కకి నడవడం. పాప నా వెనకే ఎండ్రకాయ పిల్లలా నడిచేది. మా అత్త టీవీ ఆపేసి మరీ చూసేది. ఆమెది అనంతపురం వైపు. పాప పుట్టినప్పటి నుంచి మాతోనే ఉంటోంది.

"ఏమ్మా, నిన్నెవరన్నా శపించినారా? ఎందుకింత కష్టం?" అనేది.

ఐదు వారాలు ఒక్కరోజూ మానలేదు. జ్వరం వచ్చిన రోజు కూడా ఎండ్రకాయ నడక నడిచాను. రెండో కొలతకి అక్క గీత గీసేటప్పుడు నేను అప్పుడే గెలిచేసినట్టు చంకలు గుద్దుకుంటున్నాను. కుడికాలు గెంతింది. ఎగిరి దూరంగా దిగింది. ఎడమది కూడా ముందుకంటే దూరమే వెళ్లింది. అక్క వంగింది. జాన పరిచింది, దాని పక్కన నాలుగు వేళ్లు పెట్టింది. జానా బెత్తెడు.

తేడా తగ్గలేదు. పెరిగింది.

అక్కడే గచ్చు మీద కూలబడ్డాను. ఏడవకూడదనుకుంటూనే ఏడ్చాను. "నేను చేశానక్కా. రోజూ చేశాను. ఒట్టు."

"చేసినవని తెలుస్తనే ఉన్నది, తొడ చూడు ఎట్లయిందో. పరేషాన్ కాకు. లే. ఇంట్ల ఎట్ల చేస్తవో గట్లనే చెయ్యి నా ముంగట."

లేచాను. బెంచీ దగ్గరికెళ్లి మొదలుపెట్టాను. పది గుంజీలు అయ్యాయో లేదో, "ఆగాగు," అంది. "పట్టీ వేసుకొని నడువు." నడిచాను. "ఆగు. బంతి తీసుకొని టర్ఫ్ లోపలికి పో." వెళ్లాను. వెనక నుంచి అక్క నవ్వు పకపకా వినిపించింది.

"ఓ పిల్లా, కొత్త కోడలు గడప దాటినట్టు ఏంది ఆ కుడికాలు?"

నాకు అర్థం కాలేదు. అక్క దగ్గరికొచ్చింది. "ఏ పని చేసినా ముందు కుడితోనే షురూ చేస్తున్నవ్. కుడికి పన్నెండు. అప్పటికి నీకు ఆయాసం. మిగిలిన అరకొర ఊపిరితోని ఎడమకు తొమ్మిది, పది, అది గూడ పాసిపోయిన అన్నం పెట్టినట్టు. నువ్వు ఐదు వారాలు బలిసినోనికే పెట్టినవ్."

నిజం. బస్సెక్కినా, ఇంట్లో అడుగుపెట్టినా, కొత్త ఆఫీసులో చేరిన రోజు లిఫ్ట్‌లోకి వెళ్లినా కుడికాలే ముందు. చిన్నప్పుడు ఎవరు నేర్పారో కూడా గుర్తులేదు. తొక్కుడుబిళ్ల ఆడినప్పుడు కూడా కుడికాలితోనే కుంటేదాన్ని. వ్యాయామం శుభకార్యం కాదన్న సంగతి నా కాళ్లకి ఎవరూ చెప్పలేదు.

"ఇప్పటి సంది ఎడమ ముందు. అది ఎన్ని చెయ్యగలిగితే కుడికి అన్నే. ఒక్కటి ఎక్కువొద్దు. కుడి బతిమాలినా ఇయ్యకు," అంది. తర్వాత నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. "బిడ్డనెత్తుకొని ఎట్ల నిలబడతవ్? జర చూపియ్యి."

అక్కడున్న బంతుల సంచి ఎత్తి చంకనేసుకున్నాను. ఎడమ చంకన. నడుము దానంతటదే ఎడమపక్కకి వాలింది. కుడి చెయ్యి ఖాళీగా ఉంది, గరిటె కోసం ఎదురుచూస్తున్నట్టు.

"అగో!" అంది అక్క, దొంగ దొరికినట్టు. "ఎడమ మోకాలు బిగబట్టి, నడుము పక్కకు పారేసి, దాని మీద నువ్వు కూసున్నవ్. నిన్ను మోసేది ఎముక. కండ పన్నది, నిద్రల ఉన్నది. మూడేండ్ల సంది పన్నది."

ఆ రోజు ఇంటికి ఎలా వచ్చానో చెప్పలేను. నడిచి కాదు, ఎగురుకుంటూ. లోపం దొరికింది! నా పనిలో కూడా అంతే. తప్పు ఎక్కడుందో తెలియని రోజు నరకం, దొరికిన క్షణం పండగ. సరిచెయ్యడానికి ఎన్నాళ్లయినా పట్టనీ. తలుపు తీసిన అత్తకి బూట్లు విప్పకుండానే అంతా చెప్పేశాను. ఆమె శ్రద్ధగా విని, "ఎడమకాలు ముందా? అట్ల చేస్తే ఇంటికి మంచిది కాదు లేమ్మా," అంది.

"ఇంట్లోకి కాదత్తా. గుంజీల్లోకి."

"ఏందోనమ్మా. మంచికైనా చెడ్డకైనా కుడికాలే పెట్టల్ల అనిరి మాకు."

కానీ చంక సంగతి చెప్పగానే ఆమె ముఖం మారింది. తన ఎడమ మోకాలి మీద చెయ్యేసుకుంది. రోజూ నూనె రాసుకునే మోకాలు అదే. "నేను బిందెలు మోసింది ఈ చంకనే. ముగ్గురు పిల్లోల్లను మోసింది ఈ చంకనే," అంది. మర్నాటి నుంచి నాకు ఇంట్లో రెండో కోచ్ తయారైంది. నేను మరిచిపోయి కుడికాలు ముందు పెట్టబోతే వంటింట్లోంచి కేక: "ఎడమ! ఎడమ!"

అందరికంటే ఎక్కువ గొడవ చేసింది పాప. కుడి చంకన ఎత్తుకోగానే కాళ్లు తన్నుకుంటూ కిందికి జారేది. "ఇది కాదు! నా కుర్చీ అటు ఉంది!"

"ఇది కొత్త కుర్చీ, బంగారం."

"కొత్తది వద్దు. గట్టిగా ఉంది."

కుడి చంకన పాప, ఎడమ చేత్తో గరిటె. మొదటి వారం పోపంతా పొయ్యి చుట్టూ పడింది. పొద్దున తొమ్మిదిన్నరకి ఆఫీసులో మా అందరికీ నిలబడి మాట్లాడుకునే మీటింగ్ ఉంటుంది. అందులో ఎడమకాలి మీద నిలబడేదాన్ని. పక్కనున్నవాళ్లు "వ్రతమా?" అని అడిగితే అవునన్నాను. మెట్రోలో సీటున్నా కూర్చోలేదు. రాయదుర్గం నుంచి అమీర్‌పేట దాకా ఒంటికాలి మీద, రెండు వేళ్లు మాత్రం కమ్మీకి ఆనించి వెళ్లిన రోజుంది. దిగేటప్పుడు నన్ను నేనే మెచ్చుకున్నాను.

అసలు కష్టం తొడ వెనక కండరానిది. దానికి అక్క చెప్పింది ఒక్కటే. మోకాళ్ల మీద నిలబడాలి, వెనక నుంచి ఎవరో మడమలు నేలకి అదిమి పట్టుకోవాలి. వీపు వంచకుండా మెల్లగా, చాలా మెల్లగా, ముందుకి వాలాలి. వెనక కండరాలే బ్రేకుల్లా మనల్ని పట్టి ఆపాలి. మా ఆయనకి ఆ వేళకి కాల్స్. మడమల మీద ఇరవై ఐదు కిలోల బియ్యం బస్తా పెట్టి చూశాను. నేను వాలగానే బస్తా దొర్లింది, నేను ముక్కు మీద పడ్డాను. అత్త పరిగెత్తుకొచ్చింది.

"అత్తా, కాస్త నా కాళ్లు పట్టుకుంటావా?"

నోట్లోంచి వచ్చాక గానీ ఏమన్నానో తెలియలేదు. నాలుక కరుచుకున్నాను. అత్త నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది.

"కోడలి కాళ్లు అత్త పట్టుకునే కాలం వచ్చెనా! మా ఊర్లో ఎవరన్నా వింటే యాడ తలపెట్టుకోవల్ల నేను?"

"అయ్యో, అది కాదత్తా, అంటే..."

"పట్టుకోను. పో." వెళ్లిపోతుందనుకున్నాను. దిండు ఒకటి తెచ్చి నా మడమల మీద వేసి, దాని మీద ఠీవిగా కూర్చుంది. "పట్టుకునేది లేదు. కూర్చుంటా. కోడలి మీద అత్త కూర్చుంటే ఎవురూ తప్పనరు. ఊ, వాలు."

నవ్వుతో వాలలేకపోయాను. ఆమె కూడా పైట నోటికడ్డం పెట్టుకుని ఊగిపోతోంది. ఆ ఊపుకి నా కాళ్లు ఇంకా అదిమినట్టయ్యాయి. మొదటి రోజు పిడికెడు దూరం వాలి దబ్బున పడ్డాను. నెల తిరిగేసరికి సగం దాకా వాలి ఆగగలిగాను. అత్త వెనక నుంచి లెక్కపెట్టేది. ఒకటి, రెండు అని కాదు. పప్పులో ఏం వెయ్యాలి, రేపు ఏం కూర, నీ మొగుడు ఎప్పుడొస్తాడు. ఈ మూడు ప్రశ్నలు అయ్యేదాకా నేను వాలుతూ ఉండాలి. జవాబివ్వకూడదు. జవాబిస్తే పడతాను.

నడుమ ఒక కొలతలో జానెడుకి వచ్చింది. ఇంకోసారి బెత్తెడున్నర. ఇక పోటీ రోజే ఆఖరి కొలత.

ఈ పొద్దున ఆరున్నరకే టర్ఫ్ దగ్గరున్నాం. బాచుపల్లి వాళ్లు వ్యానులో దిగి బూట్లు కట్టుకుంటున్నారు. మా ఆయన పాపని ఎత్తుకుని నిలబడ్డాడు. ఏ చంకనో చూశాను, ఎడమ. చెప్పాలనిపించింది, ఊరుకున్నాను. అత్త కూడా వచ్చింది. మైదానానికి రావడం ఆమెకిదే మొదలు.

అక్క గీత గీసింది. "ఎడమ ముందు," అంది.

గెంతాను. దూరంగానే దిగాను, కానీ మోకాలు లోపలికి వంకరపోయి ఊగింది. రెండో కాలు నేల తాకింది.

"లెక్కల రాదు. దూరం గాదు చెల్లె, నిలబడుడు ముఖ్యం. ఇంకొక్కసారి. ఇదే ఆఖరు."

పాప వల అవతల నుంచి అరిచింది, "అమ్మా, ఎండ్రకాయా!" ఎందుకో ఆ మాటకి భుజాలు సడలాయి. మోకాలు కాలివేళ్ల వైపు పెట్టాను, పట్టీ వేసుకుని నడిచినప్పటిలా. గెంతాను. దిగాను. తొడ వెనకా, నడుము పక్కనా ఏదో తాడులా బిగుసుకుని నన్ను పట్టుకుంది. ఎముక కాదు. ఈసారి ఎముక కాదు. ఒకటి. రెండు. మూడు.

తర్వాత కుడికాలు. దానికేం, ఎప్పట్లాగే దిగింది.

అక్క వంగి నాలుగు వేళ్లు పెట్టింది. ముఖంలో ఏమీ తెలియనివ్వలేదు. మా కెప్టెన్ ఆగలేక, నన్ను చూపిస్తూ, "నీ బెత్తెడు చిన్నదక్కా, దాని బెత్తెడుతో కొలువు!" అంది.

"చెయ్యి మార్చుకునుడు లేదు," అంది అక్క.

ఈలోగా మా అత్త చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని వచ్చి, ఎవరినీ అడక్కుండా, అక్క పక్కన గచ్చు మీద కూర్చుంది. తన చెయ్యి పెట్టింది. ఒకటొకటే వేలు ముడిచి చూసింది. "మూడు వేళ్లే ఉండాదిబ్బా! నాలుగో వేలికి చోటే లేదు!"

అక్క తన చేతి వైపు చూసుకుంది, అత్త చేతి వైపు చూసింది. రెండు చేతులూ ఒక్కలాగే ఉన్నాయి, కురచగా, మోటుగా. "మూడే," అంది. "పో. రెండో సగంల దిగు."

రెండో సగంలో దిగాను. ఆడుతున్నంతసేపూ ఏం జరిగిందో వరసగా గుర్తులేదు. ఒక్కటి మాత్రం ఉంది. బంతి కుడి అంచుకి వచ్చింది. ముందు ఖాళీ. ఉరికాను, కాలేజీలో ఉరికినట్టు. బాచుపల్లి ఆమె నా మీదికొస్తోంది. ఎడమకాలు బంతి పక్కన దిగింది. ఆ సగం క్షణంలో నాలుగు నెలల భయమంతా వచ్చి ఆ కాలి మీద కూర్చుంది. మోకాలు, మెట్లు, స్నానాల గది, పాప. కాలు ఊగలేదు. కుడికాలు ఊగి బంతిని గోలు ముందుకి కొట్టింది.

తర్వాత అందరూ అరుస్తున్నారు. ఎవరో నా మెడ మీద పడ్డారు. మా కెప్టెన్ తలతో గోల్ కొట్టిందట. నేను చూడలేదు. నేను నా ఎడమకాలినే చూస్తున్నాను.

"బంతిని చూడు పిల్లా! కాలేమన్న పారిపోతదా?" అని బయట నుంచి అక్క తిడుతోంది. ఎంత తియ్యగా ఉందో ఆ తిట్టు.

ఆట రెండుకి రెండు అయింది. గెలవలేదు, ఓడలేదు. నాకది చాలు. పాపని కుడి చంకన వేసుకుని లిఫ్ట్ ఎక్కాను. అది కొత్త కుర్చీలో ఏ గొడవా లేకుండా కూర్చుని చెమట పట్టిన నా మెడని వేలితో గీకుతోంది. తలుపు దగ్గర పాపని దింపాను. ఉత్సాహంలో ఉన్నాను కదా, ఎడమకాలు గడప దాటబోయింది. అత్త చెయ్యి ఠకామని నా భుజం పట్టుకుంది.

"అది మైదానంలో. ఇంట్లోకి మటుకు కుడికాలే పెట్టు."

నేను కాలు వెనక్కి తీసుకునేలోగా పాప మా ఇద్దరి మధ్యలోంచి దూరి, రెండు కాళ్లూ జోడించి, గడప మీంచి ఒక్క గెంతు గెంతింది.